గాజుతొట్టిలో సముద్రము: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితము

ఇంటి గదిలో గాజుతొట్టి నుంచి, అందు సముద్రజలము నింపి, నీటిలో మెల్లగా ఊగులాడు ప్రవాళములను, సముద్రపుష్పములను పెంచుకొను వేడుక నేడు అనేక దేశములందు కలదు. ఏ ప్రాణిని ఎన్నుకొనవలెను, ఏది తొట్టిలో బ్రతుకును, దేని సొగసు కదలికయందున్నది అను ప్రశ్నలు ఆ వేడుకతోపాటు పుట్టినవే. వానికి మొదట శ్రద్ధతో సమాధానములు వెదకినవారిలో ముఖ్యుడు ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్. తాను మిక్కిలి ప్రేమించినదాని నాశమునకు తన గ్రంథములే కారణమగుట ఆయన జీవితమందలి విషాదము.

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లండులోని వూస్టర్ నగరమున జన్మించెను. తండ్రి ఊరూర తిరుగుచు చిన్న చిత్తరువులు వ్రాసి జీవించువాడు. కుటుంబము పూల్ అను రేవుపట్టణమున స్థిరపడెను. చిత్రలేఖనము తండ్రివలన అబ్బెను. తీరపు రాతిగుంటలలోని జీవులయందు ఆసక్తి మేనత్త సూసన్ బెల్ వలన కలిగెను. ఆమె కుమారుడు థామస్ బెల్ కూడ తరువాత జంతుశాస్త్రమున పేరు గడించెను.

బీదతనము గాస్‌ను బాల్యముననే ఉద్యోగమునకు నెట్టెను. 1827లో, పదునేడవ యేట, న్యూఫౌండ్‌లాండ్ దీవికి గుమాస్తాగా పోయెను. కెనడాలో సేద్యము చేసి కష్టపడెను. అమెరికాలోని అలబామాలో కొలదికాలము బడిపంతులుగా నుండెను. 1839లో స్వదేశమునకు మరలివచ్చునాటికి ఆయనకు మిగిలినవి పరిశీలనలు, చిత్రములు మాత్రమే. తరువాత 1844 మొదలు 1846 వరకు జమైకాలో పక్షులను పరిశోధించెను. 1848లో ఎమిలీని వివాహమాడెను. మరుసటి యేడు కుమారుడు ఎడ్మండ్ జన్మించెను.

1852లో ఆరోగ్యము చెడి, గాలిమార్పునకై గాస్ డెవన్ తీరమునకు పోయెను. సముద్రము ఆటున వెనుకకు తీసినప్పుడు రాళ్ళనడుమ నిలిచిన నీటిగుంటలు ఆయనకు పూలతోటలవలె కనిపించెను. ఆ తోటను ఇంటికి తెచ్చు మార్గము అప్పటికే కొంత తెరువబడియుండెను. 1846లో అన్నా థిన్ అను స్త్రీ టార్కీ తీరమునుండి ప్రవాళములను లండనుకు తెచ్చి, పరిచారికచేత నీటిని కిటికీకడ ఎత్తిపోయించి గాలి సోకునట్లు చేయించుచు వానిని బ్రతికించెను. నీటిమొక్కలు, ప్రాణులు పరస్పరము ఆధారమగునని రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1850లో చూపెను. 1853 మే నెలలో లండను జంతుప్రదర్శనశాలలో సముద్రజీవుల తొట్టెలు ప్రజలకు చూపబడెను. అందలి ప్రాణులలో అనేకములు గాస్ సేకరించి పంపినవే. 1854లో ఆయన అక్వేరియమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ పదము జనుల నాలుకలపై నిలుచుటకు అదియే ముఖ్యకారణము. సముద్రమునకు దూరమున నున్నవారికై నాలుగు లవణములతో కృత్రిమ సముద్రజలమును చేయు విధానమును గూడ ఆయన తెలిపెను.

ఎన్నికయందు గాస్ చూపు అందముతోపాటు ప్రాణి స్వభావముపై గూడ నిలిచెను. బీడ్‌లెట్ అను ఎఱ్ఱని సముద్రపుష్పము ఆటుపోటుల నడుమ ఎండకు గాలికి ఓర్చి బ్రతుకునది. కావున తొట్టిలోను ఓర్చును. కాని కలత చెందినచో ముడుచుకొని ఎఱ్ఱని ముద్దయై కూర్చుండును. స్నేక్‌లాక్స్ అనుదాని పొడవైన స్పర్శకములు సామాన్యముగా పూర్తిగా లోనికి ముడుచుకొనవు. కావున అవి నిత్యము అల్లలాడుచు కన్నులపండువు చేయును. ప్లూమోస్ అనుదానికి స్తంభమువంటి దేహముపై ఈకలవంటి సన్నని కిరీటముండును. డెవన్ తీరమందలి కప్పువంటి రాతిప్రవాళము తెల్లని గట్టి గూటినుండి, కొనలయందు గుండ్రని బొడిపెలు గల పారదర్శకమైన స్పర్శకములను చాచును. పట్టు విడువని ప్రాణి పాదమును చింపక, సుత్తితో ఉలితో అది అంటుకొన్న రాతిముక్కనే చెక్కి తెచ్చుట ఆయన పద్ధతి.

1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించెను. గాస్ దైవభక్తి గలవాడు. భూమి తాను అనుభవింపని గతపు గుర్తులతోనే సృష్టింపబడెనని ఆ యేడు ఆయన వ్రాసిన గ్రంథమును శాస్త్రజ్ఞులును భక్తులును అంగీకరింపరైరి. దుఃఖముతో, పరాభవముతో, కుమారుని వెంటబెట్టుకొని ఆయన టార్కీ చేరువ నున్న సెయింట్ మేరీచర్చికి వచ్చి స్థిరపడెను. అచట ప్రతిదినము రాతిగుంటలలో మోకాలిలోతున నిలిచి వెదకి, బ్రిటనులోని సముద్రపుష్పములను, ప్రవాళములను వర్ణించు మహాగ్రంథమును స్వహస్తచిత్రములతో 1860 నాటికి ముగించెను. 1863లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున లియొపోల్డ్ బ్లాష్కా అను గాజుపనివాడు ఆ చిత్రములను చూచియే గాజుతో సముద్రపుష్పములను చేసెను.

ఇంతలో పుస్తకము చదివినవారందరు సుత్తి, ఉలి పట్టిరి. 1845లో గాజుపై సుంకము రద్దగుటచే తొట్టెలు చౌకయ్యెను. రైళ్ళు జనమును తీరమునకు చేర్చెను. గాస్ ఏ గుంటలను ఏ జాగ్రత్తతో వర్ణించెనో ఆ గుంటలనే వేలజనము చెక్కి ఖాళీచేసిరి. తెచ్చిన ప్రాణులలో అనేకములు తొట్టిలో కొలదిదినములకే చచ్చి నీటిని కుళ్ళబెట్టెను. ఈ నాశమునకు తన గ్రంథములు దారి చూపెనని గాస్ తన జీవితకాలముననే గ్రహించి మిక్కిలి వగచెనని కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. గాస్ 1888 ఆగస్టు 23వ తేదీన మరణించెను.

అయినను ఆ నష్టమునకు విరుగుడు ఆనాడే ఆయన చేతిలో నుండెను. తన తొట్టిలో ప్రవాళములు ఎట్లు వృద్ధిపొందెనో అన్నా థిన్ వ్రాసిన పరిశీలనలు 1859లో గాస్ వ్యాఖ్యలతోనే అచ్చయ్యెను. తొట్టిలో పెరిగిన ప్రవాళమునుండియే చిన్నముక్కను ఖండించి, మరియొక తొట్టిలో నాటి పెంచు పద్ధతి నేడు అనేకులు అవలంబించుచున్నారు. కదలు సొగసును కోరువాడు దాని వన్నెను మాత్రమే కాక అది వచ్చిన చోటును గూడ అడుగవలెను. ఈ ప్రశ్న ఆనాటి పాఠకులకు తోచియుండినచో గాస్ కడపటి దినములందు ఆ తీరము అంత బోసిపోయి యుండదు.