వరాహమిహిరాచార్యుని సందేహము

మన దేశమున జాతకచక్రమును ముందుంచుకొని ఫలము చెప్పు ప్రతి జ్యోతిష్కుడును, తెలిసియో తెలియకయో, ఒక మహాపండితునకు ఋణపడి యున్నాడు. ఆయన వరాహమిహిరాచార్యుడు. ఒకే రాశిలో రెండు గ్రహములు కలిసిన నేమి ఫలము, నాలుగు కూడిన నేమి ఫలము అను విచారణను క్రమబద్ధ మొనర్చి, బిగువైన శ్లోకములలో నిమిడ్చినవా డాయన. అట్టివాడే తన గ్రంథములోని యొక గ్రహయోగమును గూర్చి, ఇది ఆకాశమున నెట్లు సంభవించునని ప్రశ్నించినాడు. ఈ సంగతి మాత్రము చాలమంది యెరుగరు.

ఆయన అవంతీ దేశీయుడు. ఆదిత్యదాసుడు ఆయనకు తండ్రియు గురువును. కాపిత్థకమను చోట సూర్యుని యారాధించి వరము పడసినట్లు బృహజ్జాతకము చివర తానే చెప్పుకొనినాడు. పంచసిద్ధాంతికలో గణితారంభమునకు శకము 427ను, అనగా క్రీ.శ. 505ను గ్రహించుటచే ఆయన ఆరవ శతాబ్దివాడని నిర్ణయింపబడినది. శకము 509లో, అనగా క్రీ.శ. 587లో, దివంగతు డయ్యెనని ఆమరాజను వ్యాఖ్యాత వ్రాసినాడు. విక్రమార్కుని కొలువున కాళిదాసుతోపాటు నవరత్నములలో నొకడను ప్రసిద్ధి కలదు గాని, చారిత్రకులు దానిని విశ్వసింపరు. రాజకుమారుడు వరాహముచే మరణించునని ముందే చెప్పుటవలన మిహిరుడు వరాహమిహిరు డయ్యెననుటయు జనశ్రుతియే.

జ్యోతిషమునకు గణితము, జాతకము, సంహిత యని మూడు స్కంధములు. మూడింటను ఆయన గ్రంథములు రచించెను. పంచసిద్ధాంతికలో పౌలిశ, రోమక, వాసిష్ఠ, సౌర, పైతామహ సిద్ధాంతములను సంగ్రహించెను. బృహత్సంహితలో వర్షలక్షణములు, భూగర్భజలము, వాస్తువు, రత్నపరీక్ష మున్నగునవి వివరించెను. జాతకభాగమునకు బృహజ్జాతకము ప్రమాణగ్రంథ మైనది. దీనికి పదవ శతాబ్దమున భట్టోత్పలుడు వ్యాఖ్య రచించెను. ఇందు హోర, కేంద్రము వంటి గ్రీకు శబ్దములు పెక్కులు కలవు. యవనులు మ్లేచ్ఛులైనను, ఈ శాస్త్రము తెలిసినవారగుటచే ఋషులవలె పూజ్యులని చెప్పగలిగిన విశాలహృదయు డాయన.

బృహజ్జాతకములో ద్విగ్రహయోగములకు ప్రత్యేకాధ్యాయమే యున్నది. రవి చంద్రునితో కలిసిన యంత్రములు చేయువాడు, శిలలు చెక్కువాడు పుట్టును. బుధునితో కలిసిన నిపుణుడు, బుద్ధి కీర్తి సౌఖ్యములు గలవాడగును. శుక్రునితో కలిసిన రంగస్థలమువలననో ఆయుధములవలననో ధనమార్జించును. శనితో కలిసిన లోహవిద్యయందు నేర్పరి యగును. ఈ ఫలములను నమ్మినను నమ్మకున్నను, ఆనాటి వృత్తులు వీనియందు మన కన్నులకు గట్టుచున్నవి. బలముగల నాలుగు గ్రహములో అంతకు మించియో ఒక్కచోట కూడిన జాతకుడు సన్న్యాసి యగునట. వానిలో మిక్కిలి బలవంతుడు కుజుడైన బౌద్ధుడు, బుధుడైన ఆజీవకుడు, శని యైన జైనసాధువు. మత మేదైనను సన్న్యాసము సన్న్యాసమే యన్న సమదృష్టి యిచ్చట గోచరించుచున్నది.

ఇక ఆయన సందేహము. ప్రాచీనులు వజ్రయోగమని యొకటి చెప్పిరి. శుభగ్రహములు లగ్నమునను సప్తమమునను, పాపగ్రహములు చతుర్థమునను దశమమునను ఉండిన నది వజ్రయోగము. బుధశుక్రులు శుభులు, సూర్యుడు పాపి. కావున ఈ యోగము సిద్ధించుటకు బుధశుక్రులు సూర్యునినుండి నాలుగవ రాశిలోనో పదవ రాశిలోనో ఉండవలెను. అందుకు కనీసము 60 అంశల యెడము కావలయును. కాని బుధుడు సూర్యునికి సుమారు 28 అంశలకును, శుక్రుడు సుమారు 48 అంశలకును మించి దూరముగా ఎన్నడును కానరారు. వారి కక్ష్యలు భూకక్ష్యకు లోపల నుండుటయే దీనికి హేతువని నేడు మన మెరుగుదుము. ఆ హేతువు తెలియకున్నను, ఆకాశమును చూచి లెక్కించిన యాచార్యుడు సత్యమును గ్రహించెను. పూర్వశాస్త్రము ననుసరించి యీ యోగములను చెప్పితిని గాని, సూర్యునికి నాలుగవ యింట బుధశుక్రు లెట్లుందురని నిర్మొగమాటముగా అడిగెను. ప్రాచీనుల మాటను దాచలేదు, దానిపై తన సంశయమును దాచలేదు.

ఈ స్వభావము ఆయన రచనలలో పలుచోట్ల కనబడును. చంద్రుడు భూచ్ఛాయలో ప్రవేశించుటయే చంద్రగ్రహణమనియు, రాహువు కారణము కాడనియు బృహత్సంహితలో చెప్పెను. అయనములు మారు స్థానము పూర్వము చెప్పినచోట లేదని గమనించి, ప్రత్యక్షముగా పరీక్షించి తెలిసికొనుడని బోధించెను. అయితే ఆయనకును పరిమితులు కలవు. భూమి తిరుగుచున్నచో ఆకాశమున కెగిరిన పక్షులు తమ గూళ్లకు మరల చేరజాలవని వాదించి, ఆర్యభటుడు చెప్పిన భూభ్రమణమును నిరాకరించెను. ఫలభాగమును సంపూర్ణముగా విడిచిపెట్టనూ లేదు.

1962 ఫిబ్రవరిలో మకరరాశియందు అష్టగ్రహకూటమి సంభవించినప్పుడు దేశమంతటను భీతి వ్యాపించెను. ప్రళయము వచ్చునని యాగములు చేసిరి, జపములు చేసిరి. కూటమి గడచిపోయెను, లోకము యథాపూర్వముగానే నడచెను. గ్రహములు ఒకదాని చెంత నొకటి యున్నట్లు మనకు దోచునే గాని, వాని నడుమ కోట్లకొలది మైళ్ల దూర మున్నది.

రవిబుధుల కలయికను బుధాదిత్యయోగమని కొనియాడుట నేటికిని కలదు. బుధుడు సూర్యుని విడిచి దూరముగా పోజాలడు గనుక ఒక తరగతిలోని విద్యార్థుల జాతకములు చూచిన పలువుర కా యోగము కానవచ్చును. వారందరును కీర్తిమంతులు కాజాలరు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్లపై గీచి చూపవచ్చును. శాస్త్రమును భక్తితో చదువుట, చదివినదానిని ఆకాశముతో సరిపోల్చుట, సరిపడనిచో ఆ మాట స్పష్టముగా చెప్పుట: వరాహమిహిరునినుండి మన విద్యార్థులు గ్రహింపవలసిన జాతకఫల మిదియే.