ఒలింపిక్ సారథి, ఆదివాసుల గొంతుక జైపాల్ సింగ్ ముండా

బస్తర్ ఆదివాసీ ప్రాంతాలకు నేడు వర్తిస్తున్న ఐదో షెడ్యూలుకు రూపమిచ్చిన రాజ్యాంగ సభలో గిరిజనుల పక్షాన బలంగా గళమెత్తిన నేత జైపాల్ సింగ్ ముండా. అంతకు 2 దశాబ్దాల ముందే ఆయన భారత హాకీ జట్టుకు తొలి ఒలింపిక్ సారథి.

నేటి ఝార్ఖండ్‌లోని ఖుంటి సమీపాన టక్రా గ్రామంలో 1903 జనవరి 3న ముండా కుటుంబంలో ఆయన జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ జట్టుకు నాయకత్వం వహించాలని పిలుపు వచ్చింది. సెలవు మంజూరు కాలేదు. అయినా ఆయన మైదానాన్నే ఎంచుకున్నారు. భారత్ 5 మ్యాచ్‌ల్లో 29 గోల్స్ సాధించి, ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణ పతకం గెలిచింది. జట్టు యాజమాన్యంతో విభేదాల కారణంగా ఫైనల్లో మాత్రం జైపాల్ సింగ్ ఆడలేదు. ఆ తర్వాత ఐసీఎస్‌నూ వదులుకున్నారు.

1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించారు. రాజ్యాంగ సభ సభ్యునిగా ఆదివాసుల భూమి, ఆత్మగౌరవం కోసం వాదించారు. ప్రత్యేక ఝార్ఖండ్ కోసం పార్టీ స్థాపించారు. 1970 మార్చి 20న కన్నుమూశారు. ఆయన కోరుకున్న రాష్ట్రం మరో 30 ఏళ్లకు, 2000 నవంబరు 15న అవతరించింది. బస్తర్‌ను కలుపుకొని ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది కూడా ఆ నెలలోనే.