కుడి చేయి పోయినా గురి పోలేదు: పిస్టల్ షూటర్ కారోయ్ టకాచ్ జీవితం

పిల్లలకు పిస్టల్ షూటింగ్ మీద షౌక్ పుట్టిందంటే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ఒకటే: పిస్టల్ ఎంతవుతుంది? రేటు వినగానే కొందరు అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు అప్పో సప్పో చేసి ఖరీదైనదే కొనేస్తారు. ఈ రెండిట్లో ఏది చేసే ముందైనా హంగేరీ షూటర్ కారోయ్ టకాచ్ జీవితం తెలుసుకుంటే మంచిది. మోటివేషన్ వీడియోల్లో ఈయన కథ చాలామంది వినే ఉంటారు. ఆ వీడియోలు హిమ్మత్ గురించి చెప్పి వదిలేస్తాయి. పిస్టల్ పట్టే చేయి గురించి ఆ జీవితం చెప్పే సంగతి అంతకన్నా పనికొస్తుంది.

టకాచ్ 1910 జనవరి 21న బుడాపెస్ట్‌లో పుట్టాడు. పెద్దయ్యాక సైన్యంలో చేరాడు. పిస్టల్ షూటింగ్‌లో మంచి పేరు తెచ్చుకుని, 1936 నాటికి ప్రపంచ స్థాయి షూటర్ అయ్యాడు. అదే ఏడాది బెర్లిన్‌లో ఒలింపిక్స్. అయినా ఆయనకు జట్టులో చోటు దొరకలేదు. గురి తక్కువై కాదు, హోదా తక్కువై. అప్పట్లో హంగేరీ సైన్యం నుంచి కమిషన్డ్ ఆఫీసర్లనే పోటీకి పంపేవాళ్లు. టకాచ్ సార్జెంట్ మాత్రమే.

బెర్లిన్ క్రీడలు అయిపోయాక ఆ నిబంధన తీసేశారు. తర్వాతి ఒలింపిక్స్ 1940లో టోక్యోలో జరగాలి. ఇక దారి దొరికిందనుకున్నాడు. 1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా లోపమున్న గ్రెనేడ్ ఒకటి ఆయన చేతిలోనే పేలింది. కుడి చేయి బాగా దెబ్బతింది. పిస్టల్ పట్టే చేయి అదే. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు.

ఈ ఆట గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పోటీల్లో పిస్టల్‌ను ఒంటి చేత్తోనే పట్టాలి. రెండో చేయి సాయం పట్టకూడదు. అంటే పిస్టల్ బరువు మోసేది, ట్రిగ్గర్ నొక్కేది ఒకే చేయి. ఏళ్ల తరబడి చేసిన మెహనత్ అంతా ఆ చేతిలో, ఆ వేలిలో దాచిన సొమ్ములాంటిది. చేయి మారితే అదంతా పక్కన పెట్టి సున్నా నుంచి మొదలెట్టాలి. నిలబడే తీరు, ముంజేతి బిగువు, వేలి ఒత్తిడి అన్నీ కొత్తగా నేర్చుకోవాలి.

టకాచ్ అదే చేశాడు. ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సాధన మొదలెట్టాడు. 1939 వసంతంలో జాతీయ పిస్టల్ పోటీలకు వెళ్తే, పరామర్శకు వచ్చాడేమో అనుకున్నారంతా. ఆయన బరిలో దిగి గెలిచాడు. అదే ఏడాది ప్రపంచ పోటీల్లో గెలిచిన హంగేరీ జట్టులోనూ ఉన్నాడు.

ఈలోపు యుద్ధం వచ్చిపడింది. 1940 ఒలింపిక్స్ రద్దు. 1944వీ రద్దు. షూటర్‌కు మంచి వయసు అనుకునే రోజులన్నీ అలా గడిచిపోయాయి.

చివరికి 1948లో లండన్ క్రీడలు జరిగాయి. యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్ కొత్త స్టేడియం ఒక్కటీ కట్టలేదు. ఉన్న కాలేజీల్లో, సైనిక శిబిరాల్లోనే ఆటగాళ్లకు బస ఇచ్చింది. షూటింగ్ పోటీలు బిస్లేలో పెట్టారు. 38 ఏళ్ల టకాచ్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో దిగాడు. ఇందులో పక్కపక్కనే ఐదు టార్గెట్లుంటాయి. చేయి కిందికి దించి నిలబడాలి. టైం మొదలవగానే చేయి లేపి, ఒక్కో టార్గెట్‌కు ఒక్కో తూటా కాల్చాలి. ముందు ఎనిమిది సెకన్లిస్తారు, తర్వాత ఆరు, చివరికి నాలుగే.

పోటీకి ముందు అప్పటి ప్రపంచ ఛాంపియన్, అర్జెంటీనాకు చెందిన సాయెన్స్ వాలియెంతే ఈయన్ని చూసి ఆశ్చర్యపోయాడని, లండన్‌కు ఎందుకొచ్చావని అడిగాడని చెబుతారు. నేర్చుకుందామని వచ్చానన్నాడట టకాచ్. ఫలితం చూస్తే టకాచ్‌కు 580, వాలియెంతేకు 571. బంగారు పతకంతోపాటు ప్రపంచ రికార్డు కూడా టకాచ్‌దే అయింది. నువ్వు నేర్చుకోవాల్సింది ఇంకేమీ లేదని ఓడినాయన మెచ్చుకున్నాడట.

నాలుగేళ్ల తర్వాత హెల్సింకీలో మళ్లీ గెలిచాడు. ఈసారి స్కోరు 579. ఈ పోటీలో వరుసగా రెండు బంగారు పతకాలు గెలిచిన మొదటి షూటర్ ఆయనే. ఒక్క పాయింట్ తేడాతో రెండో స్థానంలో నిలిచింది 17 ఏళ్ల సిలార్డ్ కున్. ఆ కుర్రాడు కూడా హంగేరీవాడే, టకాచ్ శిష్యుడే. 1956 మెల్‌బోర్న్‌లో టకాచ్‌కు ఎనిమిదో స్థానమే దక్కింది. 1958 ప్రపంచ పోటీల్లో కంచు పతకం తెచ్చుకున్నాడు. తర్వాత ఉస్తాద్‌గా కొత్తవాళ్లను తయారుచేశాడు. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగి, 1976 జనవరి 5న కన్నుమూశాడు.

ఇప్పుడు మన ఇంటి బడ్జెట్ సంగతికి వద్దాం. టకాచ్‌ను గెలిపించింది కొత్త పిస్టల్ కాదు, కొత్తగా తయారుచేసుకున్న చేయి. అందుకే డబ్బు పెట్టేటప్పుడు చేయిని చూసుకోవాలి, పేరును తర్వాత.

మొదటి కొన్ని నెలలు కొనకండి. క్లబ్బు పిస్టల్‌తో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకోనివ్వండి. షౌక్ నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఈ పోటీలో పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పిల్లల చేతికి కిలో పిస్టల్ కూడా బరువే కాబట్టి, చేయి చాచి నిలబడి చూశాకే కొనాలి.

పోటీ పిస్టల్ గ్రిప్ అరచేతి ఆకారానికి చెక్కినట్టు ఉంటుంది. కుడి చేతికి వేరు, ఎడమకు వేరు. సైజులు కూడా వేరు. ఎడమ చేతి పిల్లలకు కుడి చేతి గ్రిప్పున్న పిస్టల్ చౌకగా వచ్చినా దండగే. పిస్టల్ కాస్త పాతదైనా పర్వాలేదు, గ్రిప్ మాత్రం చేతికి అతికినట్టు కూర్చోవాలి.

గాలి సిలిండర్‌తో పనిచేసే పిస్టళ్లు హాయిగా ఉంటాయి, కానీ ఖర్చు అక్కడితో ఆగదు, సిలిండర్ నింపుకుంటూ ఉండాలి. ప్రతి గుండుకూ ఒకసారి లివర్ లాగే రకానికి ఆ ఖర్చు లేదు. సెకండ్ హ్యాండ్‌లో సిలిండర్ పిస్టల్ కొంటే దాని మీద ముద్రించిన తేదీ చూడండి. సిలిండర్లకు గడువుంటుంది, గడువు దాటినదాన్ని పోటీలో ఒప్పుకోరు.

మిగిలిన డబ్బు గుళ్లకు, రేంజ్ ఫీజుకు, కోచ్‌కు దాచండి. సాధనలో సగం పైసా ఖర్చు లేనిది. పిస్టల్ ఖాళీగా ఉందని పెద్దవాళ్లు చూశాక, గుండు వేయకుండా తెల్ల గోడకేసి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడమే ఆ సాధన. పెద్ద షూటర్లు ఇప్పటికీ చేసేది ఇదే.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా పిస్టల్ షూటరే. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల జట్టు పోటీలో బంగారు పతకం, వ్యక్తిగత పోటీలో వెండి పతకం తెచ్చింది. అంటే ఈ ఆట మన ఊరికి కొత్తేమీ కాదు. మీ ఇంట్లో పిల్లలు అడిగితే ముందు రేంజ్‌కు తీసుకెళ్లి, ఏ చేత్తో పడతారో, ఎంతసేపు నిలబడతారో చూడండి. దుకాణానికి ఆ తర్వాత వెళ్లొచ్చు.