వర్ణరహస్యాన్వేషి హాల్డేన్

మన పాతపట్నం అంగళ్ళలో ఊదా వంకాయల ప్రక్కనే తెల్ల వంకాయలు కనిపిస్తాయి. జాతి ఒకటే, వర్ణం వేరు. ఇటువంటి భేదాలు ఒక తరం నుండి మరొక తరానికి నియమబద్ధంగా సంక్రమిస్తాయని మెండెల్ 1866లోనే బఠానీ మొక్కల ద్వారా వెల్లడించారు. కాని జన్యువు రంగును ఎట్లు కలిగిస్తుందన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆ ప్రశ్నను ముందుకు నడిపించినవారిలో ఒకరు, తమ తుది దానాన్ని తెలుగుగడ్డకే సమర్పించినవారు జె. బి. ఎస్. హాల్డేన్. ఆ మహనీయుని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయుటకు సంతోషిస్తున్నాము.

హాల్డేన్ గారు 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనులలోని విషవాయువులను తన దేహంపైనే పరీక్షించుకొన్న శరీరధర్మ శాస్త్రవేత్త. ఆ సాహసం కుమారునికీ అబ్బింది. విశేషమేమనగా, ఆయన పట్టా ప్రాచీన గ్రీకు, లాటిను విద్యలకు సంబంధించినది. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు.

1927లో ఆయన జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో జన్యు పరిశోధనల బాధ్యత స్వీకరించారు. ఆయన ప్రోత్సాహంతో రోజ్ స్కాట్-మాన్‌క్రీఫ్ అనే విదుషీమణి పూలలోని ఆంథోసయనిన్ వర్ణద్రవ్యాలను విశ్లేషించారు. అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు అదనంగా చేరితే రంగు మారుతుంది. ఆ చేర్పు ఒక జన్యువు అధీనంలో ఉంటుంది. అనగా జన్యువు స్వయంగా రంగు కాదు. రంగును తయారుచేసే రసాయన చర్యలలో ఒక మెట్టును నడిపేది. ఆ మెట్టు లోపిస్తే వర్ణం కూడదు. వంకాయ తొక్కకు, నేరేడు పండుకు ఊదా వన్నె నిచ్చేవి ఈ ఆంథోసయనిన్లే. తెల్ల వంకాయ తొక్కలో అవి నిలువచేరవు. జన్యువులు రసాయన చర్యలను శాసిస్తాయని నిరూపించినందుకు బీడిల్, టాటమ్‌లకు 1958లో నోబెల్ బహుమతి లభించింది. ఆ దారిని అంతకు ముందే ఈ పూలు సూచించాయి.

1957లో హాల్డేన్ గారు సతీమణి హెలెన్ స్పర్వేతో కలకత్తా చేరి, 1961లో భారత పౌరులయ్యారు. 1962లో భువనేశ్వరంలో స్థిరపడ్డారు. ఆయన మార్గదర్శకత్వంలో ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్ గార్లు ఆంధ్రదేశంలోని దగ్గరి బంధువుల వివాహాలపై పరిశోధించారు. ఖరీదైన యంత్రాలు లేకున్నా నిశితమైన చూపు, లెక్క, ఓర్పు ఉంటే ఈ దేశంలో గొప్ప పరిశోధన సాధ్యమని ఆయన విశ్వసించారు.

1964 డిసెంబరు 1న ఆయన క్యాన్సరు వ్యాధితో పరమపదించారు. ఆయన కోరిక ప్రకారం పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల అధ్యయనానికి అప్పగించారు. జీవితమంతా తన దేహాన్ని ప్రయోగాలకు ఒడ్డిన ఆయన, మరణానంతరం కూడా దానిని విద్యకే వినియోగించారు.

పరికరాలు లేవని నిరుత్సాహపడే విద్యార్థికి ఈ జీవితమే సమాధానం. ఊదా, తెల్ల వంగ మొక్కలను సంకరపరచి, రెండు తరాల కాయలను రంగు ప్రకారం లెక్కించి చూడండి. పెరడు చాలు, పుస్తకం చాలు. హాల్డేన్ గారికి మనం అర్పించగల నివాళి అదే.