గాలిలో గొంతు పంపిన ఫెసెండెన్ గారు

రేడియో ఎవరు కనిపెట్టేరు అంటే మనం అందరం మార్కోనీ అని రాసేస్తాము. కాని మార్కోనీ గారు మొదట పంపినవి చుక్కలు, గీతలు. మనిషి మాటను గాలిలో పంపిన ఆయన వేరే ఉన్నారు. ఆయన పేరు రెజినాల్డ్ ఫెసెండెన్.

ఆయన 1866 అక్టోబరు 6న కెనడాలో ఈస్ట్ బోల్టన్ అనే చోట పుట్టేరు. నాన్న పాస్టరు. కాలేజీలో చదివేరు గాని డిగ్రీ తీసుకోలేదు. ఎడిసన్ గారి దగ్గర పని అడిగితే, కరెంటు గురించి తెలీదని మొదట వద్దన్నారు. ఆయన ఊరుకోలేదు. 1886లో న్యూయార్కులో భూమి లోపల కరెంటు తీగలు వేసే పనిలో చేరి, అక్కడ నుంచి ఎడిసన్ ప్రయోగశాలకు వెళ్ళేరు. తరవాత ప్రొఫెసరు కూడా అయ్యేరు. డిగ్రీ లేకుండా ప్రొఫెసరు! ఇది చదివి నాకు భలే సంతోషం వేసింది.

ఆ రోజుల్లో వైర్‌లెస్ వినాలంటే మోర్సు కోడు రావాలి. రానివాళ్ళకు అది ఉట్టి టిక్కుటిక్కు చప్పుడు. మా అమ్మకు అక్షరాలు రావు. కాగితం మీద ఏది ఉన్నా ఇంకొకరు చదివి చెప్పాలి. గొంతు అయితే ఎవరూ చదివిపెట్టక్కరలేదు. అందుకే ఈయన చేసిన పని నాకు చాలా పెద్దది అనిపిస్తుంది.

1900 డిసెంబరు 23న అమెరికాలో కాబ్ ద్వీపం దగ్గర, సుమారు 1.6 కిలోమీటర్ల దూరంలో ఉన్న సహాయకుడిని అక్కడ మంచు పడుతోందా అని అడిగేరు. (మన పొగమంచు కాదు, పైనుంచి రాలే తెల్లమంచు.) బరబర చప్పుడు మధ్యలో మాట వినబడింది. పడుతోందని జవాబు వచ్చింది గాని, కోడులోనే! అవతల గొంతు పంపే యంత్రం లేదు మరి.

ఆ బరబర ఎందుకంటే, అప్పటి యంత్రం నిప్పురవ్వలతో నడిచేది. అది డప్పు మీద దెబ్బల్లాగ తెగి తెగి వస్తుంది. ఫెసెండెన్ గారికి సన్నాయి ఊదినట్టు తెగని అల కావాలి. ఒకే స్వరాన్ని గట్టిగా, మెల్లిగా ఊదితే ఎలాగుంటుందో, అలాగ మన గొంతును బట్టి అల పెద్దదీ చిన్నదీ అవుతుంది. దీన్నే ఏ.ఎమ్. అంటారు. సెకనుకు వేలసార్లు ఊగే కరెంటు ఇచ్చే యంత్రం కోసం ఆయన ఏళ్ళ తరబడి తిరిగేరు. 1906 డిసెంబరు 21న బ్రాంట్ రాక్ అనే ఊరి నుంచి ప్లిమత్ ఊరికి మాట పంపి, పిలిచిన పెద్దలకు వినిపించేరు. అదే క్రిస్మస్ ముందురోజు వయొలిన్ వాయించి ఓడలవాళ్ళకు వినిపించేనని ఆయన చాలా ఏళ్ళ తరవాత రాసేరు. దానికి రుజువు దొరకలేదని కొందరు అంటారు. నేనైతే 21వ తేదీ చాలు అంటాను.

డబ్బు పెట్టినవాళ్ళతో గొడవలొచ్చి 1911లో కంపెనీ నుంచి బయటకు వచ్చేసేరు. కోర్టు కేసులు 1928 దాకా సాగేయి. 1932 జులై 22న బెర్ముడాలో చనిపోయేరు.

హామ్ రేడియోవాళ్ళు, అంటే లైసెన్సు తీసుకొని సరదాకి సెట్టు పెట్టుకొనేవాళ్ళు, చాలా ఏళ్ళు ఏ.ఎమ్.లోనే కబుర్లు చెప్పుకొనేవారు. తరవాత ఎస్.ఎస్.బి. వచ్చింది. దానికి కరెంటు తక్కువ, చోటు తక్కువ. కాని సరిగ్గా ట్యూను చెయ్యకపోతే మనిషి బాతులాగ మాట్లాడతాడు. ఏ.ఎమ్.లో గొంతు నిండుగా, మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందని కొందరు ఇప్పటికీ పాత వాల్వు సెట్లు బాగుచేసుకొని దానిలోనే మాట్లాడుకుంటున్నారు. స్విచ్చి వేసేక వాల్వులు వేడెక్కేదాకా కాసేపు ఆగాలి. అప్పుడు మెల్లిగా గొంతు వస్తుంది.