ఐదో రుచిని కనిపెట్టిన ఇకెడా

మన గోదావరి జిల్లాల నుంచి సింగపూర్, అమెరికా వెళ్ళినవారు సెలవుల్లో ఇంటికి వచ్చి చెప్పే కబుర్లలో జపాను హోటళ్ళ తిండి కూడా ఒకటి. పెద్ద గిన్నెలో వేడి చారు, అందులో గోధుమ నూడిల్స్ వేసి ఇస్తే రామెన్. వెనిగర్ కలిపిన అన్నం ముద్దపై చేప ముక్క పెట్టి ఇస్తే సుషి. పచ్చి చేప చూసి మొదట వెనకాడినవారు కూడా రామెన్ చారును మాత్రం గిన్నె ఎత్తి తాగేస్తారట. మన కూరల్లాగా కారం, మసాలా దట్టించకుండా ఆ చారుకు అంత రుచి ఎలా వచ్చింది? దీనికి సమాధానం చెప్పిన రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా. ఆయన గురించి హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇకెడా 1864 అక్టోబరు 8న క్యోటో నగరంలో జన్మించారు. తండ్రి సమురాయ్ వర్గానికి చెందినవాడు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ వర్గం వారికి పాత ఆదాయాలు పోయాయి. చదువుకోవాలనే పట్టుదలతో ఆ కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా, తన పరుపూ దుప్పట్లూ అమ్మి దారి ఖర్చులు సంపాదించుకుని టోక్యో చేరాడని చెబుతారు. ట్రంకుపెట్టె, దుప్పటితో హాస్టల్లో అడుగుపెట్టిన మనకు ఆ దుప్పటి విలువ వేరే చెప్పనక్కరలేదు. 1889లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేసి, కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేసి, అదే యూనివర్సిటీలో అధ్యాపకులయ్యారు.

1899లో పై చదువుకు జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళి ఆస్ట్వాల్డ్ అనే గొప్ప శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన దృష్టి పుస్తకాల మీదే కాక భోజనం బల్ల మీద కూడా పడింది. జర్మన్లు ఒడ్డూ పొడుగూ బాగున్నారు. తన దేశస్థులు పొట్టిగా, బక్కగా ఉన్నారు. ఈ తేడా ఆయనను బాధించింది. అక్కడి టమాటా, చీజ్, మాంసం తింటున్నప్పుడు మరొక సంగతి తట్టింది. వీటన్నిటిలోనూ తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఒక ఉమ్మడి రుచి ఉంది. తిరుగు ప్రయాణంలో 1901లో లండన్‌లో నవలాకారుడు నత్సుమె సోసెకి ఉన్న ఇంట్లోనే కొన్ని వారాలు బస చేశారు. పరదేశంలో ఒంటరిగా కుమిలిపోతున్న సోసెకికి ఇకెడా మాటలు ఎంతో బలమిచ్చాయి.

జపాను ఇళ్ళలో చారుకు మూలం ‘దాషి’. కొంబు అనే ఎండిన సముద్రపు నాచును నీళ్ళలో నానబెట్టి కాస్తారు. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు తురిమి కూడా వేస్తారు. జర్మనీలో తట్టిన ఆ రుచి తన ఇంటి చారులోనూ ఉందని ఇకెడా గ్రహించారు. 1907లో కొంబును ప్రయోగశాలకు తీసుకువెళ్ళారు. కిలోల కొద్దీ నాచును కాచి, వడగట్టి, ఒక్కొక్క పదార్థాన్నీ తొలగించుకుంటూ పోతే చివరికి సుమారు 30 గ్రాముల స్ఫటికాలు మిగిలాయి. అది గ్లుటామిక్ ఆమ్లం. 1866లోనే ఒక జర్మన్ శాస్త్రవేత్త దానిని గోధుమల నుంచి తీశాడు, కానీ ఈ రుచికి మూలం అదేనని ఎవరూ కనిపెట్టలేదు. ఆ రుచికి ఇకెడా ‘ఉమామి’ అని పేరు పెట్టారు.

మన ఉగాది పచ్చడిలో ఆరు రుచులు లెక్కపెడతాం కానీ ఇది అందులో లేదు. అలాగని మన అమ్మలకు తెలియదనుకోకండి. వంకాయ కూరలో గుప్పెడు ఎండు రొయ్యలు పడితే ఆ ముద్దకు వచ్చే కమ్మదనం ఈ కోవదే. మాంసం కొనలేని ఇళ్ళలో అన్నం దిగేది ఆ గుప్పెడుతోనే.

ఇకెడా ఆలోచన కూడా అటే సాగింది. రుచి జీర్ణశక్తిని పెంచుతుందని ఒక జపాను వైద్యుడు రాసినది చదివి, చవకైన సాదా భోజనం రుచిగా ఉంటే పేదవాడు కడుపునిండా తింటాడని, ఒంటికి పడుతుందని నమ్మారు. నీళ్ళలో తేలికగా కరిగే సోడియం లవణాన్ని తయారుచేసి 1908లో పేటెంట్ తీసుకున్నారు. సుజుకి అనే వ్యాపారి దానిని 1909లో ‘అజినొమొతో’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. రాజమండ్రి, కాకినాడ ఫాస్ట్‌ఫుడ్ బళ్ళ మీద మనం చూసే టేస్టింగ్ సాల్ట్ అదే. మొదట గోధుమల నుంచి తీసేవారు. 1950ల నుంచి సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తున్నారు. చెరకు, కర్రపెండలం దానికి ముడిసరుకులు.

1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఉత్తరంతో ఈ లవణంపై అనుమానాలు పుట్టాయి. తర్వాతి పరీక్షల్లో మామూలు మోతాదుకు హాని రుజువు కాలేదు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం పెట్టకూడదు. నిల్వ కూరను, మాడిన నూనెను ఈ పొడితో కప్పిపుచ్చే పనిని ఇకెడా ఖాతాలో వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయితే రుచి ఒక్కటే ఒంటికి బలమివ్వదు. పప్పు, గుడ్డు, కూర ఉన్న పళ్ళానికే అది అక్కరకొస్తుంది.

ఎండు చేపలోని రుచి పదార్థాన్ని 1913లో ఆయన శిష్యుడు కొదామా గుర్తించాడు. రామెన్ చారులో ఎముకలు, చేప, నాచు కలిసినప్పుడు రుచి రెట్టింపు పైగా పెరిగేది ఈ రెండూ ఒకదానికొకటి తోడవడం వల్లనే. 1923లో యూనివర్సిటీ నుంచి విరమించాక కూడా ఇకెడా జర్మనీ వెళ్ళి పరిశోధన సాగించారు. 1936 మే 3న కన్నుమూశారు. ఉమామి అసలు వేరే రుచే కాదని పాశ్చాత్య శాస్త్రవేత్తలు చాలామంది దశాబ్దాల పాటు వాదించారు. మన నాలుక మీద దానిని పసిగట్టే గ్రాహకాలు 2000, 2002 సంవత్సరాల పరిశోధనల్లో బయటపడ్డాయి.