దాచుకోని గుండె

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఇప్పుడంటే సినిమావాళ్ల పేటలు గానీ, ఒకప్పుడక్కడ ఉన్నవి రాళ్లూ రప్పలే. పక్కనే బంజారాహిల్స్‌లో 1976లో భార్య పేరున అన్నపూర్ణ స్టూడియో తెరిచిన అక్కినేని నాగేశ్వరరావుగారు అప్పటికే గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే!

1924లో కృష్ణా జిల్లా రామాపురంలో రైతు కుటుంబంలో పుట్టారాయన. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. నాటకాల్లో ఆడవేషాలు వేసేవారు. బెజవాడ రైల్వే స్టేషన్‌లో ఘంటసాల బలరామయ్యగారి కంటపడి, 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యారు. 1953లో ‘దేవదాసు’గా అందరినీ ఏడిపించారు. తర్వాత మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేశారు.

1974లో అమెరికాలో గుండెకి ఆపరేషన్. ఆ రోజుల్లో అదంటే మాటలా! ఇలాంటి ఆపరేషన్లలో రక్తాన్ని యంత్రంలో తిప్పుతూ, గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. పనయ్యాక ప్రోటమిన్‌తో విరుగుడు. యంత్రంలో తిరిగిన రక్తంలో ప్లేట్‌లెట్లు నీరసిస్తాయి. కుట్లు పడ్డాక కూడా కొందరికి రక్తం ఆగదు. ఎవరికి ఆగదో ముందే తెలిస్తే ఎంత బావుండు!

అందుకే చెవి తమ్మెకో ముంజేతికో చిన్న గాటు పెట్టి, ఎన్ని నిమిషాల్లో రక్తం ఆగుతుందో చూసేవారు. ఆపరేషన్‌లో రక్తస్రావాన్ని ఆ పరీక్ష పసిగట్టలేదని తర్వాత తేలింది. ప్రోత్రాంబిన్ టైమ్, ప్లేట్‌లెట్ల లెక్క అవసరమే కానీ, అవి బాగున్నంత మాత్రాన భరోసా లేదు. రక్తం గడ్డ ఎంత గట్టిగా కడుతోందో గీత గీసి చూపే యంత్రాలు ఇప్పుడున్నాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా, ప్లాస్మానా అని తేల్చుకోవడానికి డాక్టర్లకు అవి సాయపడతాయి.

చీటీ చెప్పనిది మనమే చెప్పాలి. పన్ను పీకించుకుంటే రక్తం ఆగలేదా? కాన్పులో ఎక్కువ పోయిందా? ఆస్పిరిన్ వేసుకుంటున్నారా? డాక్టరు ఇవన్నీ అడిగితే మా అత్తగారు నెలసరి సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డారు. నేనే చెప్పాను. మాత్రలు మాత్రం మనంతట మనం ఆపకూడదు సుమా!

జబ్బు దాచుకోవడం అక్కినేనిగారికి చేతకాదు. క్యాన్సరొచ్చిందని 2013లో విలేఖరులను పిలిచి తనే చెప్పారు. ‘మనం’లో నటించి, 2014 జనవరి 22న వెళ్లిపోయారు. ఆపరేషన్ తర్వాత ఆయన బతికింది దాదాపు నలభై ఏళ్లు. మధ్యలో 1981లో ‘ప్రేమాభిషేకం’, ఆ తర్వాత ఫాల్కే పురస్కారం. కోత పడ్డ గుండెతోనే ఇవన్నీ!